తొలి మూకచిత్రములందు పక్షపాతము: రసాభాస దృష్టితో ఒక పరామర్శ

తొలినాటి మూకచిత్రములను గూర్చి వ్రాయు విమర్శకులలో ఒక వాడుక స్థిరపడియున్నది. చిత్రమును రెండుగా చీల్చి, శిల్పమును త్రాసున ఒక పళ్ళెమునందును, వస్తువును రెండవ పళ్ళెమునందును ఉంచి తూచుట ఆ వాడుక. డేవిడ్ వార్క్ గ్రిఫిత్ 1915లో నిర్మించిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (ఒక జాతి పుట్టుక) విషయమున ఈ తూనిక మిక్కిలి ప్రసిద్ధము. శిల్పము అద్భుతము, వస్తువు గర్హ్యము అని రెండు వాక్యములు వ్రాసి విమర్శకుడు తన విధి తీరినదని భావించును. ఈ విభజన నిలువదని మా అభిప్రాయము. ఆ చిత్రమునందలి సాంఘిక రాజకీయ పక్షపాతము కథలో కంటె కూర్పులో నెక్కువగా నున్నది. కనుక మెచ్చుకొన్న భాగమే దోషభూయిష్ఠమైన భాగమగుచున్నది.

తెలుగుశాఖవారి సంచికలో అమెరికా చిత్రమునకు తావేల యని శంక కలుగవచ్చును. ఇట్టి పక్షపాతమును పట్టుకొనుటకు వలయు పరికరము మన ఆలంకారికులవద్ద నున్నది. దానిని మనము కావ్యములకే పరిమితము చేసికొంటిమి. ఇది యొక సమాధానము. రెండవది మా తరగతిగదిలో జరిగిన సంగతి. కొన్ని యేండ్ల క్రిందట స్నాతకోత్తర విద్యార్థులకు వీరరసమును బోధించుచు, మాటలు లేకయే రసము నిష్పన్నమగు తీరును చూపదలచి, ఈ చిత్రపు తుదిభాగమును పీఠికగా ఏమియు చెప్పక ప్రదర్శించితిమి. రౌతులు గుఱ్ఱములపై వచ్చి గుడిసెలో చిక్కినవారిని విడిపించునప్పటికి వెనుకబల్లలనుండి చప్పట్లు వినవచ్చినవి. దీపములు వెలిగిన పిదప ఆ తెల్లముసుగులవారెవరో చెప్పితిమి. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. చప్పట్లు కొట్టినవారిలో నొకడు లేచి, 'అయ్యా, తాము ముందే చెప్పియుండవలసినది' అనెను. ఊరివారు గుంపుగా పల్లెమీదికి వచ్చిన రాత్రి యొకటి అతని కుటుంబపు జ్ఞాపకములలో నున్నదని మాకు తరువాత తెలిసినది. అతని నింద న్యాయమైనదని అంగీకరించుచు, ముందే చెప్పియుండిన చాలియుండెడిదా యని అప్పటినుండియు ఆలోచించుచున్నాము.

చిత్రమును చూడని పాఠకుల కొఱకు కొన్ని సంగతులు చెప్పుట అవసరము. థామస్ డిక్సన్ 1905లో ప్రకటించిన 'ది క్లాన్స్‌మన్' అను నవల దీనికి ప్రధానమూలము. గ్రిఫిత్ కెంటకీ రాష్ట్రమున జన్మించినవాడు; తండ్రి అమెరికా అంతర్యుద్ధమున (1861–65) దక్షిణపక్షపు సేనలో కర్నలుగా పోరాడినవాడు. చిత్రము 1915 ఫిబ్రవరి 8న లాస్ ఏంజలీస్ నగరమున నవల పేరుతోనే వెలువడి, మార్చి 3న న్యూయార్కునకు వచ్చునప్పటికి నేటి పేరు దాల్చెను. పన్నెండు రీళ్ళు, సుమారు మూడుగంటల ప్రదర్శనము. కొద్ది సెంట్లకు సినిమా చూచుచున్న దినములలో న్యూయార్కు లిబర్టీ థియేటరున మేలితరగతి టిక్కెట్టు 2 డాలర్లు. ఫిబ్రవరి 18న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ తన అధికారభవనమునందే దీనిని చూచెను. ఉత్తరాదికి చెందిన స్టోన్‌మన్ కుటుంబము, దక్షిణ కరొలైనాకు చెందిన కామెరన్ కుటుంబము ఇందలి కథకు ఆధారములు. మొదటి సగము యుద్ధమును, లింకన్ హత్యను చూపును. రెండవ సగము బానిసత్వము తొలగిన పిమ్మటి పునర్నిర్మాణ కాలమును చూపును. అందు విముక్తులైన నల్లవారు దుర్మార్గులు. ముసుగులు ధరించి గుఱ్ఱములపై తిరుగు కూ క్లక్స్ క్లాన్ దళమువారు ఉద్ధారకులు.

యుద్ధభాగమును సాధారణముగా నిర్దుష్టముగా నెంచుదురు. అందు ఒక దృశ్యము మిక్కిలి పేరుపొందినది. చీకటి తెరపై ఒక చిన్న వలయము తెఱచుకొనును. కొండవాలున పిల్లలను పొదివికొని యొక తల్లి కూర్చుండియుండును. కెమెరా మెల్లగా ప్రక్కకు మరలగా, క్రింది లోయలో షెర్మన్ సేనాని దండు కదలిపోవుచుండును. యుద్ధమున కర్తలెవరో, ఫలమనుభవించువారెవరో ఒక్క చూపులో బోధపడును. కరుణమునకు ఇంతకంటె చక్కని విభావయోజన అరుదు. ఐనను చరిత్ర నెఱిగినవాడు ఆ లోయను మఱియొకసారి చూడవలెను. 1864లో జార్జియా గుండ సాగిన ఆ సేనవెంట వేలకొలది బానిసలు తమ విడుదలకై నడచిపోయిరి. వారు ఆ లోయలో లేరు. తల్లి కన్నీరు అసత్యము కాదు. ఆ కన్నీటిని చూపుటకు వలయము ఎచ్చట తెఱచుకొనెనో, మఱి యెచ్చట తెఱచుకొనలేదో, పక్షపాతము అచ్చట నున్నది.

బొమ్మల నడుమ వచ్చు అక్షరఫలకముల సంగతి వేఱు. మూకచిత్రమున పాత్రకు గొంతు లేదు. ఫలకమునకు గొంతు కలదు. ప్రేక్షకుడు పాత్రలను శంకించును గాని ఫలకమును శంకింపడు. ఈ విశ్వాసమును గ్రిఫిత్ తెలిసి వాడుకొనెను. రెండవ భాగారంభమున విల్సన్ వ్రాసిన అమెరికా ప్రజల చరిత్రనుండి వాక్యములు ఫలకములపై కనబడును. చరిత్రాచార్యుడు, పైగా దేశాధ్యక్షుడు. అంతకు మించిన సాక్షి యేడి? అదే గ్రంథమున విల్సన్ క్లాన్ దళముల దౌర్జన్యములను గూర్చియు వ్రాసియున్నాడు. ఫలకము అంతవఱకు పోలేదు. గ్రంథభాగమును తనకు వలసినచోట త్రుంచి ప్రమాణముగా నిలుపుట మన వాదములందును లేకపోలేదు. తెరపై నది మఱింత సులభము, ఏలయన పుట తిరుగవేసి చూచుకొను వీలు ప్రేక్షకునకు లేదు.

దక్షిణ కరొలైనా శాసనసభా దృశ్యము ఈ పద్ధతికి పరాకాష్ఠ. ఇది 1870 నాటి సభకు చారిత్రకమైన ప్రతిరూపమని, ఛాయాచిత్రమును బట్టి నిర్మింపబడినదని ఫలకము ప్రకటించును. మొదట ఖాళీ సభాభవనము కనబడును. చూచుచుండగనే అందు నల్లజాతి సభ్యులు నిండుదురు. ఒకడు సీసా దాచికొని త్రాగుచుండును. ఒకడు చెప్పు విడిచి కాలు బల్లపై చాచును. ఒకడు ఏదియో తినుచుండును. పిమ్మట ఉభయజాతుల వివాహమును సమ్మతించు శాసనము గెలువగా సభ్యుల చూపులు పై అంతస్తున నున్న శ్వేతజాతి స్త్రీలవైపు మరలును. గది ఛాయాచిత్రమునుండి వచ్చినదే కావచ్చును. అందలి ప్రవర్తన పరిహాసపత్రికల వ్యంగ్యచిత్రముల దారిని వచ్చినది. గదికి పుట్టిన ప్రామాణ్యమును మనుష్యులకు అంటగట్టుట ఇందలి యుక్తి. వాస్తవముగా ఆ రాష్ట్రపు దిగువసభలో నల్లవారు అధికసంఖ్యాకులుగా నుండిరి. ఆ రాష్ట్రమునకు 1868లో ఏర్పడిన రాజ్యాంగము అందఱు పిల్లలకును ఉచిత పాఠశాలలను విధించెను. ఆ పాఠశాలల ప్రసక్తి మూడుగంటల చిత్రమున నెచ్చటను రాదు. అమెరికా విద్యాలయములలో సయితము ఈ కాలమును గూర్చిన తలంపు మాఱుటకు 1935లో డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ వ్రాసిన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' వంటి గ్రంథములును, ఆ పిమ్మట మఱికొన్ని దశాబ్దములును వలసినవి.

నల్లపాత్రలలో ముఖ్యములైన వానిని తెల్లనటులు మొగమునకు నల్లరంగు పూసికొని ధరించిరి. గస్ పాత్రను వాల్టర్ లాంగు, సైలస్ లించ్ పాత్రను జార్జి సీగ్మన్ నటించిరి. నిజమైన నల్లవారు గుంపులలో మాత్రము కనబడుదురు. రంగుపూసిన ముఖమునకు కెమెరా దగ్గఱకు పోవును; నిజముఖమునకు దూరముగా నిలుచును.

ఇక తుదిఘట్టము. రెండు తావులయందు ఆపద. లించ్ ఇంటిలో ఎల్సీ స్టోన్‌మన్ చిక్కియున్నది. ఊరివెలుపలి గుడిసెలో కామెరన్ కుటుంబము, తమకు ఆశ్రయమిచ్చిన ఇరువురు ఉత్తరాది మాజీ సైనికులతో ముట్టడికి గుఱియైనది. మూడవ తావున దళము గుఱ్ఱములపై బయలుదేఱును. ఈ మూటిని మార్చి మార్చి చూపుచు, ఒక్కొక్క తునక నిడివిని తగ్గించుచు గ్రిఫిత్ వేగము పెంచెను. రౌతులకు ముందు పరుగెత్తు బండిపై కెమెరా నుంచుటచే గుఱ్ఱములు మన మీదికి వచ్చుచున్నట్లుండును. మూకచిత్రము మూగదనుట కూడ సగము నిజమే: పెద్ద నగరముల ప్రదర్శనములలో ఈ ఘట్టమునకు వాద్యబృందము వాగ్నర్ కూర్చిన రణగీతము వాయించెడిది. గుడిసెలోపల, కూతురు శత్రువుల చేతబడకుండ ఆమె తల మోదుటకు పిస్తోలు పిడి యెత్తిపట్టిన చేయి యొకటి కనబడును. తలుపుసందులనుండి చేతులు చొచ్చుకొని వచ్చును. ఆ చేతులకు ముఖములు లేవు.

ఇచ్చట మేము వేయు ప్రశ్న యొక్కటే: మనము గోడకు ఏ వైపున నున్నాము? కెమెరా గుడిసెలోపల నున్నది. కావున మనమును లోపలనే యున్నాము. లోపలివారు ఎవరైనను, వెలుపలివారు ఎవరైనను, తలుపు విఱుగుచున్నంతసేపు మన ఊపిరి లోపలివారిదే. మా విద్యార్థి చప్పట్లు కొట్టినప్పుడు అతడు ఏ సిద్ధాంతమును అంగీకరింపలేదు. అతనిని అచ్చట కూర్చుండబెట్టిరి. తనవారి యిండ్లమీదికి వచ్చినవారి వంటి వారికే అతనిచేత చప్పట్లు కొట్టించిన సామర్థ్యమును శిల్పమని మెచ్చి, పక్షపాతమును వేఱొకచోట వెదకుట ఎట్లు పొసగును? రక్షణము ముగిసిన పిదప ఎన్నికల దినము వచ్చును. నల్లవారు ఓటు వేయుటకు ఇండ్లనుండి వెలువడగా ఎదుట ఆయుధములతో రౌతులు బారులు తీరియుందురు. వారు మరల లోనికి పోవుదురు. 1870 నాటి పదునైదవ రాజ్యాంగ సవరణ ఆ క్షణమున తుపాకి మొనతో రద్దగుచున్నది. చిత్రము దానిని శాంతిస్థాపనగా, లఘువుగా చూపి దాటిపోవును. అంతకుముందటి వేగమున కొట్టుకొనిపోయిన ప్రేక్షకుడు దానిని గమనింపడు.

భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము ఈ సందర్భమున మనకు తోడ్పడును, చిక్కునుగూడ తెచ్చిపెట్టును. విభావాదులు వ్యక్తిసంబంధమును కోల్పోయి అందఱికి సమానములగుటచే రసాస్వాదము కలుగునని ఆయన మతము. ప్రేక్షకుడు తన దేశకాలములకు, తన సుఖదుఃఖములకు కట్టువడియుండుటను అభినవగుప్తుడు రసవిఘ్నములలో నొకటిగా లెక్కించెను. ఇప్పుడు 1915లో ఆ చిత్రమును చూచిన నల్లజాతి ప్రేక్షకుని తలచుకొందము. గుడిసెలో కూర్చుండుమని చిత్రము అతనిని ఆజ్ఞాపించుచున్నది. వెలుపలి ముఖములేని చేయి తనదేయని అతడెఱుగును. అతనికి రసము కలుగదు. అది అతని సహృదయతా లోపమని శాస్త్రము చెప్పునా? చెప్పినచో శాస్త్రమే దిద్దుకొనవలెను. విఘ్నము ప్రేక్షకునియందు కాక రచనయందే నిర్మింపబడి యుండవచ్చునని, కొందఱికి సాధారణమగుటకై కొందఱిని వెలుపల నిలుపు సాధారణీకరణము ఉండునని మన లక్షణకారులు ఊహించినట్లు కానరాదు. వారి సభలో కూర్చున్న సామాజికులు ఎవరో తలచుకొన్నచో ఇది ఆశ్చర్యము కాదు.

ఐనను మార్గము వారివద్దనే కలదు. అనౌచిత్యమువలన రసభంగమగునని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. రావణునకు సీతయందలి రతిని ఉదాహరించుచు, లోచనమున అభినవగుప్తుడు మిక్కిలి సూక్ష్మమైన మాట యొకటి చెప్పెను. తన్మయత్వము నిలిచియున్నంతవఱకు అది శృంగారమువలెనే ఆస్వాదింపబడును; ఆభాసమను జ్ఞానము సామాజికునకు తరువాతనే కలుగును; ముత్యపుచిప్ప వెండిగా కనబడినట్లు. గ్రిఫిత్ వీరము సరిగా నిట్టిది. చూచుచున్నంతసేపు అది వెండియే. కావున దానిని రసహీనమని కొట్టివేయుట తప్పు. రసమని ఊరకుండుట అంతకంటె తప్పు. విమర్శకుని పని అంతయు ఆ 'తరువాత' యను స్థితిలో నున్నది.

అయితే అభినవగుప్తుడు సామాజికునకు ఆ తరువాతి స్థితి తప్పక వచ్చునని తలచినట్లున్నది. అమెరికాలో అనేకులకు అది రాలేదు. 1915 చివర అట్లాంటా సమీపమున స్టోన్ మౌంటెన్ కొండపై విలియం జె. సిమన్స్ నాయకత్వమున కూ క్లక్స్ క్లాన్ మరల పుట్టెను. అంతకు ముందే అంతరించిన సంస్థ అది. కొలది దినములకే డిసెంబరులో చిత్రము అట్లాంటాలో ప్రదర్శితమయ్యెను. చిత్రమొక్కటే దానికి కారణమని మేము చెప్పము. కాని తన్మయత్వము సినిమాహాలు దాటి వీథిలోనికి నడచినదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

ఆ కాలమువారందఱును అట్లే తలచెడివారు, నేటి కొలతతో నాటివారిని కొలువరాదు అను వాదమొకటి తఱచుగా వినవచ్చును. ఇది చరిత్రజ్ఞానమువలె కనబడు చరిత్రవిస్మృతి. 1909లో స్థాపితమైన నల్లవారి హక్కుల సంఘము (ఎన్. ఎ. ఎ. సి. పి.) చిత్రము వెలువడిన నాటినుండియే నిషేధమునకై పోరాడెను. బోస్టనులో విలియం మన్రో ట్రాటర్ నాయకత్వమున ప్రజలు ప్రదర్శనశాల యెదుట నిరసన తెలిపిరి. 'ఆ కాలమువారు' అన్నప్పుడు వీరిని లెక్కింపకుండుట, చిత్రము చేసిన పనినే మనము మరల చేయుట. గ్రిఫిత్ తన విమర్శకులకు సమాధానముగా 1916లో వాక్స్వాతంత్ర్యమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఆ యేడే నిర్మించిన 'ఇంటాలరెన్స్' చిత్రమును పశ్చాత్తాపముగా కొందఱు వర్ణింతురు. అది పశ్చాత్తాపము కంటె ప్రత్యుత్తరమనుట యుక్తము.

మా విద్యార్థి నిందను మన్నించి, మరుసటి సంవత్సరము చరిత్రనంతయు ముందుగా చెప్పియే ఆ ఘట్టమును ప్రదర్శించితిమి. చప్పట్లు లేవు. కాని గుఱ్ఱములు దగ్గఱగుచున్న కొలది ముందువరుసలో నొక విద్యార్థిని వ్రేళ్ళు బల్లపై తాళము వేయుచుండుట చూచితిమి. ముందు తెలిసియుండుట కొంతమేలే చేయును గాని కూర్పును జయింపదు. కూర్పునకు కూర్పే సమాధానము చెప్పవలెను.

అట్టి సమాధానము చెప్పినవాడు ఆస్కర్ మిషో. నల్లజాతికి చెందిన ఈ నవలాకారుడు, దర్శకుడు 1920లో 'విదిన్ అవర్ గేట్స్' (మన వాకిళ్ళలోపల) అను చిత్రమును విడుదల చేసెను. అంతకుముందు సంవత్సరమే చికాగోలో జాతికలహములు చెలరేగియుండుటచే అచ్చటి పరిశీలకులు దీనికి అడ్డుపడిరి. చాలకాలము నష్టమైనదని తలచిన ఈ చిత్రపు ప్రతి స్పెయిన్ దేశమున 1970 ప్రాంతములలో దొరకగా, అమెరికా జాతీయ గ్రంథాలయమువారు 1993లో పునరుద్ధరించిరి. జాస్పర్ లాండ్రీ యను కౌలురైతు తన లెక్కలు కూతురు సిల్వియాచే వ్రాయించుకొని, భూస్వామివద్ద పైకము తేల్చుకొనుటకు పోవును. ఆ సమయమున భూస్వామిచే బాధితుడైన ఒక తెల్ల బీదరైతు కిటికీనుండి కాల్చి అతనిని చంపును. నేరము లాండ్రీపై బడును. గుంపు లాండ్రీని, అతని భార్యను ఉరిదీయును. ఆ ఉరినే సిల్వియాపై భూస్వామి సోదరుడు చేయు అత్యాచారప్రయత్నముతో మార్చి మార్చి మిషో చూపెను. గ్రిఫిత్ కూర్పే ఇది. రెండు తావులు, రెండు ఆపదలు. భేదమొక్కటి: రక్షించుటకు వచ్చు గుఱ్ఱములు లేవు. వేగము పెరుగును గాని విడుదల లేదు. సిల్వియా ఱొమ్ముపై మచ్చను చూచి, ఆమె తన కూతురేయని ఆ దుర్మార్గుడు గుర్తించును. రక్తశుద్ధిని గూర్చి గ్రిఫిత్ మూడుగంటలు చేసిన ఘోషకు ఈ యొక్క మచ్చ సమాధానము.

ఇంతకంటె మమ్ములను ఆకర్షించినది మఱియొకటి. హత్యను గూర్చి పత్రిక ప్రకటించిన వార్తను మిషో తెరపై దృశ్యముగా చూపెను. అందు లాండ్రీ త్రాగిన పశువు. అసలు జరిగినదియు మనము చూచితిమి. రెండును ఒకే తెరపైన, ఒకే నటునితో. తెర యబద్ధమాడగలదని తెరయే చెప్పుట మూకచిత్ర చరిత్రలో చిన్న సంగతి కాదు. మిషో నిష్పక్షపాతి యని మేము చెప్పుట లేదు. చదువుకొన్న మధ్యతరగతి నల్లవారియందు అతనికి గల మక్కువ, పామరులైన నల్లవారిని, ముఖ్యముగా తెల్లవారిని మెప్పించు మతబోధకుని చిత్రించుటలో గల కాఠిన్యము స్పష్టములు. చిత్రాంతమున దేశభక్తిని గూర్చిన ఉపన్యాసము పేలవము. కాని అతని పక్షము కనబడుచున్నది. కనబడు పక్షముతో ప్రేక్షకుడు వాదింపగలడు.

ఇట్టి పరీక్షను మన మూకచిత్రములకును జరుపవలెనని తలచి ప్రయత్నించితిమి. మొదటి అడుగుననే ఆగవలసివచ్చినది. బొంబాయి కోహినూర్ కంపెనీ 1921లో కాంజీభాయి రాథోడ్ దర్శకత్వమున 'భక్తవిదుర' నిర్మించెను. కథ మహాభారతమునుండి వచ్చినదే. కాని ద్వారకాదాస్ సంపత్ ధరించిన విదురుడు ఖద్దరు కట్టి, గాంధీ టోపీతో కనబడెను. సహాయనిరాకరణోద్యమము సాగుచున్న యేడు అది. కరాచీయందును, మద్రాసునందును చిత్రము నిషిద్ధమయ్యెను. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో చేరియున్నవి. నిజాం రాజ్యమున వేఱొక తీరు: హైదరాబాదున లోటస్ ఫిల్మ్ కంపెనీ నడపిన ధీరేన్ గంగూలీ 'రజియా బేగం' చిత్రమును ప్రదర్శించినందులకు 1924లో ప్రభుత్వాగ్రహమునకు పాత్రుడై నగరము విడిచెను. పురాణపురుషుని తలపై టోపీ నుంచుట గ్రిఫిత్ ఫలకములకు నేరుగా ఎదురైన యుక్తి యని మాకు తోచుచున్నది. గ్రిఫిత్ తన పక్షమును చరిత్రగా దాచెను. విదురుడు తన పక్షమును నెత్తిమీద ధరించెను. అందులోని వ్యంగ్యార్థమును గ్రహించుటలో తెల్లదొరల పరిశీలకులు ఏ సహృదయునకును తీసిపోలేదు.

అయితే ఆ టోపీ ఏ దృశ్యమున, ఎంత దగ్గఱనుండి కనబడినది, దుర్యోధనుని సభలో కెమెరా ఎవరి ప్రక్కన నిలిచినది అనునవి చెప్పుటకు వీలులేదు. ఆ చిత్రము నిలువలేదు. మద్రాసులో గెయిటీ మొదలగు ప్రదర్శనశాలలను కట్టించిన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ అదే 1921లో నిర్మించిన 'భీష్మప్రతిజ్ఞ' రీళ్ళును లేవు. దాశరాజు పల్లె వెండితెరపై ఎట్లుండినది, సత్యవతి తండ్రి రాజకుమారుని యెదుట నిలుచుండి మాటాడెనా, వంగి మాటాడెనా, ఆ సమయమున ప్రేక్షకుని ఏ గట్టున కూర్చుండబెట్టిరి అని అడుగదలచితిమి. వేయికి మించిన భారతీయ మూకచిత్రములలో బహుకొద్ది మాత్రమే మిగిలినవి. అందు ఇది లేదు.